ఇస్త్రీ పెట్టెలూ మక్కువమాపీ

నీలఘట్టంలో ఇంటికి చుట్టం వస్తే ముందు మంచినీళ్ళివ్వరు, బరువు చూస్తారు. భీమిలి తీరానికి దూరంగా సముద్రం మీద తేలే ఊరది. ప్రతి ఇంటికీ ఇంత అని బరువు వాటా ఉంటుంది. అది దాటితే గుమ్మం మీద ఎర్రదీపం వెలుగుతుంది, పక్కింటివాళ్ళ గిన్నెలు ఓ మూలకి జారతాయి, ఆపైన వాళ్ళు ఊరుకోరు.

డాక్టర్ పైడితల్లి ఇంటి వాటా అంతా ఇస్త్రీ పెట్టెలే తినేశాయి. బట్టలు ముడతలు పడడం మానేసి ఓ తరం గడిచింది. అయినా బొగ్గులు పోసే పాతకాలపు ఇత్తడి పెట్టెలంటే ఆవిడ పడిచస్తుంది. కోడిపుంజు బొమ్మ గొళ్ళెం ఉన్నవి, పిడి కాలి నల్లబడ్డవి, అడుగు అరిగిపోయినవి గోడ పొడవునా అరల్లో బారులు తీరి ఉంటాయి. ఇప్పుడు వాటిలో చాలా భాగం వదిలించుకోవాలి, ఎందుకంటే అప్ప వస్తోంది. తల్లి పోయాక చెల్లెలైన తనను పెంచి పెద్దచేసిన అప్ప సన్యాసమ్మ. ఒడ్డున ఆవిడ ఉండే వీధిలోకి సముద్రం వచ్చేసింది. సాయంత్రం పడవ వచ్చేసరికి ఇంట్లో మనిషంత బరువు ఖాళీ కాకపోతే, అదే పడవలో ఆవిణ్ణి వెనక్కి పంపేస్తారు.

పైడితల్లి కంగారు పడలేదు. ఏది ఉంచుకోవాలో తేల్చే యంత్రం ఆవిడే కనిపెట్టింది మరి. దాని పేరు మక్కువమాపి. చూడ్డానికి తలకి కట్టుకునే పట్టీ, అంతే. మనం ఒక వస్తువును చూసినప్పుడు మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను దాని సెన్సర్లు పట్టుకుంటాయి. గుండె వేగం, కంటిపాప వెడల్పు వాటికి జోడించి, మన ఇష్టం నూటికి ఎంతో పైకే చెబుతుంది. మనిషి తనను తాను మోసం చేసుకోగలడు గానీ మక్కువమాపిని చెయ్యలేడని ఆవిడ ధీమా.

ఒక్కో పెట్టెనూ తేరిపార చూసింది. చాలావాటికి ఇరవై, పాతిక. ఐదింటికి మాత్రం నలభై దాటింది. ఆ ఐదూ ఉంచి, మిగతావి తోటి శాస్త్రవేత్త అప్పలనరసయ్య తెచ్చిన బండికెత్తింది. అతనికీ ఇదే పిచ్చి. పైగా ఒంటరివాడు, ఇంట్లో వాటా బోలెడు.

బండి గుమ్మం దాటిందో లేదో, యంత్రం తొంభై అంది.

పైడితల్లి బండిని ఆపించింది. ఎక్కువ పలికినవి లోపలికి తెచ్చి, అంతకుముందు ఉంచుకున్న ఐదింటినీ బండిలో పెట్టించింది. ఈసారి ఆ ఐదూ తొంభై దాటాయి. లోపలికి వచ్చినవి మళ్ళీ పాతికకి దిగాయి. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి అప్పలనరసయ్య బండి మీదే చతికిలబడ్డాడు. పడవ వేళవుతోందని గుర్తుచేశాడు.

"నువ్వు గానీ చెడిపోయావా?" అని పైడితల్లి యంత్రాన్ని అడిగింది.

"లేదు డాక్టర్. అరలో ఉన్నవాటి మీద మీ మనసు అంతే, గుమ్మం దాటేవాటి మీద ఇంత. రెండూ సరిగానే కొలిచాను."

"ఇంతకీ నాకు ఏదంటే ఇష్టం?"

"ఏది పోతుంటే అది."

ఆవిడ దానికేదో జవాబు చెప్పేలోపే గుమ్మంలో అప్ప కనబడింది. చంకలో మూట, వెనక రేవు కాపలావాడు. పైడితల్లి కళ్ళు చెమర్చాయి.

"ముప్ఫై ఒకటి," అంది యంత్రం.

అదేమిటని అప్ప అడిగింది. పైడితల్లికి అబద్ధమాడడం రాదు కనక, ఉన్నదున్నట్టు చెప్పేసింది. సన్యాసమ్మ చిన్నబుచ్చుకోలేదు. గుమ్మం మీద వెలుగుతున్న ఎర్రదీపాన్ని చూసింది, వాకిట్లో ఇంకా కదలని బండిని చూసింది, గోడవార పెట్టెల్ని చూసింది, మూట సర్దుకుంది.

"నా వల్ల నీకు ఇబ్బందైతే నానెల్లిపోతానే. పడవింకా రేవులోనే ఉంది," అని వెనక్కి తిరిగింది.

"తొంభై తొమ్మిది," అంది యంత్రం.

పైడితల్లి పట్టీ ఊడబీకి బల్ల మీద పడేసింది. అప్ప మూట లాక్కుని లోపల పెట్టింది. తర్వాత అరల దగ్గరికీ బండి దగ్గరికీ వెళ్ళి, చెయ్యి దేని మీదికి పోతే అది తీసింది. కోడిపుంజుది, పిడి నల్లబడ్డది, ఇంకో మూడు. అర నిమిషం పట్టలేదు. మిగతావి పట్టుకెళ్ళమంది. బండి కదులుతుంటే అటు చూడలేదు. చక్రాల చప్పుడు వినబడనంత దూరం పోయాక ఎర్రదీపం ఆరిపోయింది. కాపలావాడు తల ఊపి వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళు తాగి సన్యాసమ్మ స్థిమితపడింది. ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, చెల్లెలు వద్దంటున్నా తలకి కట్టుకుని, ఎదురుగా కూర్చుని చెల్లెల్నే తదేకంగా చూసింది.

"ఇరవై ఎనిమిది," అంది యంత్రం.

"ఏటే, ఇంతేనా? నీకు జొరవొస్తే రాత్రంతా కూకున్నాను కదే," అంది సన్యాసమ్మ నొచ్చుకుంటూ.

"అంటే నువ్వింక ఎక్కడికీ ఎల్లవన్నమాట," అంది పైడితల్లి.

"ఎక్కడికెల్తాను?"

బళ్ళో మొదలుకుని ఎక్కడా ఎవరికీ మొదటి స్థానం వదలని మనిషి పైడితల్లి. అంత తక్కువ మార్కులు తెచ్చుకుని సంతోషించడం ఆవిడకి అదే మొదటిసారి. అప్పకి పక్క వెయ్యడానికి లేచింది.