వదిన పేజీ ఎవరు తీసేశారు?

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆ ఇంటి పెద్దకోడలు రెండోసారి పోయింది.

మొదటిసారి పోయి పదకొండు నెలలు. అప్పుడు ఆస్పత్రి కాగితం ఉంది, దాని మీద కారణం ఉంది. ఈసారి కంప్యూటర్ తెర మీద ఒక్క ముక్క: ‘ఈ పేజీ లేదు.’

పేజీతోపాటు ఆమె గొంతు కూడా పోయింది. నలభై ఒక్క రికార్డింగులు. అత్తగారు యాభయ్యో ఏట సైకిల్ నేర్చుకుని గేటుకు గుద్దేసిన కథ, మరిదికి పెట్టిన చివాట్లు, మధ్యమధ్యలో ఆపుకోలేని నవ్వు. ఇంకెక్కడా కాపీ లేదు.

ఆదివారం పదకొండుకు డిటెక్టివ్ వచ్చింది. పోలీసుల సైబర్ విభాగంలో చాలాకాలం చేసి బయటికొచ్చిన మనిషి. మోకాళ్లలో నొప్పి ఎక్కువ, మాటల్లో మొహమాటం తక్కువ. పిలిపించింది ఆ ఇంటి కూతురు.

కింది వాటాలో తల్లి, పెద్దకొడుకు ఉంటారు. పోయినావిడ భర్త అతనే. పై వాటాలో చిన్నకొడుకు. కూతురి కాపురం రెండు వీధుల అవతల. నలుగురూ హాల్లోనే ఉన్నారు. టీవీ నడుస్తోంది, సౌండ్ లేదు. దాన్ని ఎవరూ చూడటం లేదు, ఎవరూ ఆపడం లేదు.

ఏడుపులున్న ఇళ్లు డిటెక్టివ్‌కు అలవాటే. ఇక్కడ ఏడుపు కూడా లేదు. మంచినీళ్లు ఇచ్చిన చేతికీ, పుచ్చుకున్న చేతికీ మధ్య మాట లేదు.

ముందు కూతుర్ని వంటింట్లోకి పిలిచింది.

“ఎవరి మీద అనుమానం?”

“మా తమ్ముడి మీదే. సర్వర్ వాడిది, పాస్‌వర్డ్ వాడిది. డిస్కులో చోటు చాలట్లేదని ఎప్పుడూ సణుగుతుంటాడు.”

“తీసింది ఆయనే అని తేలితే?”

“నాకు తమ్ముడు లేడనుకుంటా మేడమ్. ఈ గడప తొక్కను.”

“ఆ పేజీ చివరిసారి ఎప్పుడు తెరిచారు?”

“నిన్న చూస్తే లేదు. అంతకుముందు గురువారం విన్నా. రోజూ వింటా. వదిన గొంతు వినందే నాకు నిద్ర పట్టదు.”

డిటెక్టివ్ తలూపింది.

చిన్నకొడుకు నెట్‌వర్క్ ఇంజనీరు. చెప్పుల బీరువా తలుపు తీసి చూపించాడు. పై అరలో పుస్తకమంత కంప్యూటర్, అదే సర్వర్. దాని పక్కన బ్యాకప్ డిస్క్, పచ్చలైటు. కింద అరల్లో చెప్పులు.

“మన జ్ఞాపకాలు బయటి కంపెనీ చేతిలో ఎందుకని ఇంట్లోనే పెట్టాను మేడమ్. ఇందులో రెండుంటాయి. వికీలో ఇంటి సంగతులన్నీ పేజీలుగా రాసుకుంటాం. ఫోరమ్‌లో వాటి గురించి కొట్టుకుంటాం.”

“పేజీ ఎవరు తీశారు?”

“బయటి హ్యాకర్ అయ్యుండాలి.”

“మీ అమ్మగారి సైకిల్ కథతో హ్యాకర్‌కి ఏం పని?”

అతను నేల చూపులు చూశాడు. తేలు కుట్టిన దొంగ వాలకం.

“బ్యాకప్ ఎన్నాళ్లుంటుంది?”

“పద్నాలుగు రోజులు. అంతకంటే పాతవి దానంతటదే చెరిపేస్తుంది.”

“వాటిలో ఈ పేజీ ఉందా?”

“ఒక్కదాంట్లోనూ లేదు. అదే అర్థం కావట్లేదు.”

“మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు?”

“ఈ మధ్యే... వారమైందేమో.”

తల్లి కుర్చీలోంచి లేవలేదు. ఒకప్పుడు బట్టలు కుట్టేది. ఇప్పటికీ వేళ్లు ఊరికే చీర అంచు మడతపెడుతున్నాయి.

“మీరూ వినేవారా అమ్మా?”

“వినకేం తల్లీ, రోజూ. ఫోన్లో నొక్కితే వస్తుందిగా.”

“ఎవరు తీసుంటారు?”

ఆమె పెద్దకొడుకు వైపు చూసి, గొంతు తగ్గించింది. “ఎవరైతే ఏంలే. ఇంతటితో వదిలెయ్. ఉన్నవాళ్లన్నా కలిసుండనీ.”

పెద్దకొడుకు కళ్లద్దాల షాపు నడుపుతాడు. డిటెక్టివ్‌ను తన గదిలోకి తీసుకెళ్లి మంచం చివర కూర్చున్నాడు. మంచానికి రెండో వైపు దుప్పటి మడత కూడా విప్పలేదు.

“మీరెప్పుడు విన్నారు?”

“విననండీ.”

“ఒక్కసారి కూడా?”

“మొదట్లో రెండుసార్లు ప్రయత్నించా. ఏమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు, బాధ రాలేదు. ఎవరో రేడియోలో మాట్లాడుతున్నట్టుంది. భయమేసి మానేశా.”

ఆ ఇంట్లో ఆ రోజు వినబడిన మొదటి నిజం అదే అని డిటెక్టివ్‌కు తెలిసిపోయింది.

చెప్పుల బీరువా ముందు స్టూలు వేసుకుంది. ఎప్పుడు ఏం జరిగిందో సర్వర్ రాసిపెట్టుకునే లాగ్‌లు, ఫోరమ్ మొత్తం తన ల్యాప్‌టాప్‌లోకి తీసుకుంది. వెంటనే ఆ చిన్న కంప్యూటర్ ప్లగ్గు పీకేసింది. పచ్చలైటు ఆరింది. తర్వాత అరగంట చదివింది. మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేలక ఇంకా కోపం వచ్చింది.

ఒంటిగంటకు అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

“ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నా. కాకపోతే దొంగలు నలుగురు.”

ల్యాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పింది.

“బ్యాకప్‌లో పద్నాలుగు రోజుల కాపీలున్నాయి. ఒక్కదాంట్లోనూ పేజీ లేదు. అంటే అది పోయింది నిన్నా మొన్నా కాదు. ఈ నెల తొమ్మిదో తారీకు, ఉదయం ఆరు పదికి పోయింది. పద్దెనిమిది రోజులైంది. మరి గురువారం మీరు విన్నదేంటమ్మా?”

కూతురి మొహం పాలిపోయింది. డిటెక్టివ్ చిన్నకొడుకు వైపు తిరిగింది.

“మీరు వారం కింద విన్నదేంటి? పెద్దమ్మగారు రోజూ విన్నదేంటి? లాగ్ చూశా. మార్చి తర్వాత ఆ పేజీ ఎవరూ తెరవలేదు.”

“తెరుద్దామనే అనుకునేదాన్ని,” అంది కూతురు. “వేలు దాకా వెళ్లేది. రేపు విందాంలే అనుకునేదాన్ని. వచ్చే నెల ఏడాది నిండుతుంది కదా, అందరికీ వినిపిద్దామని నిన్న తెరిచా.”

“సరే. తీసిందెవరు? లాగ్‌లో మనిషి పేరు లేదు. తీసింది ప్రోగ్రామే. ఆ సంగతి ఈ చిన్నబ్బాయిగారికి నిన్ననే తెలుసు.”

చిన్నకొడుకు ఒప్పుకున్నాడు. “నేను రాసిన ప్రోగ్రామ్‌లోనే ఏదో తప్పుందనుకున్నా. వదిన గొంతు నా చేతుల్తో నేనే చెరిపేశానని అక్కకి ఎలా చెప్పను? అందుకే హ్యాకరన్నా.”

“తప్పు లేదు. అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది. మీ ఇంట్లో ఒక రూలుంది. ఏంటది?”

“ఏదైనా మార్చాలన్నా, తీసేయాలన్నా ముందు ఫోరమ్‌లో అడగాలి. ఏడు రోజుల్లో ఎవరూ వద్దనకపోతే ప్రోగ్రామే ఆ పని చేసేస్తుంది. ఫోటోల దగ్గర గొడవలవుతుంటే వదినే పెట్టించింది.”

“మౌనం అర్ధాంగీకారం. మీ దగ్గర పూర్తి అంగీకారం. ఆ రూలు ఇన్నేళ్లు ఎలా నడిచిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఫోరమ్ అంతా చదివా. ఎవరు ఏం అడిగినా గంటలోపు ఒకే మనిషి జవాబు. ‘వద్దు’, ‘సరే’, ‘ముందు అత్తయ్యని అడగండి’. మిగతావాళ్లెవరూ ఏదీ చదవలేదు, ఆవిడ చూసుకుంటుందిలే అని. ఆవిడ పోయింది, రూలు అలాగే ఉంది.”

తల్లి వేళ్లు ఆగిపోయాయి.

“రెండో తారీకున ఫోరమ్‌లో ఒకరు అడిగారు, ఈ పేజీ తీసేద్దామా అని. మీ ముగ్గురికీ కబురు వెళ్లింది. ముగ్గురూ ఆ కబుర్లని మ్యూట్‌లో పెట్టుకున్నారు. చూసినవారు సున్నా. వద్దన్నవారు సున్నా. ఏడు రోజులు నిండాయి.”

“ఎవరడిగారు?” అంది కూతురు. అడగకముందే ఆమె కళ్లు అన్నయ్య మీద ఉన్నాయి.

పెద్దకొడుకు తలెత్తలేదు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

“నేనే.”

“ఎందుకన్నయ్యా?”

“ఒక్కళ్లయినా వద్దంటారేమోనని.”

పెద్దకొడుకే మళ్లీ అందుకున్నాడు.

“మీ వదిన ఊసు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాకేమో లోపల ఏమీ లేదు, మొద్దుబారిపోయింది. మీలో ఎవరికన్నా ఇంకా అది కావాలేమో, వద్దురా అని ఒకరన్నా నన్ను కసురుతారేమో అని అడిగా. రోజూ పొద్దున్నే చూసేవాణ్ని. రోజూ ఇదే బల్ల దగ్గర తిన్నాం, నువ్వూ వచ్చి వెళ్లేదానివి. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ అక్కర్లేదనుకున్నా.”

“మీరే వద్దనొచ్చుగా, ఆఖరి నిమిషంలోనైనా?” అడిగింది డిటెక్టివ్.

“అనొచ్చు. తెర ముందే కూర్చున్నా. చెయ్యి లేవలేదు.”

తల్లి లేచి అతని పక్కన కూర్చుంది. “నేను నిన్నే అనుమానించానురా. అయినా ఒక్క మాట అడగలేదు,” అంది. కూతురు తమ్ముడి వైపు చూసి, ఏదో అనబోయి, అతని భుజం మీద చెయ్యి వేసింది.

డిటెక్టివ్ చిన్న కంప్యూటర్‌లోంచి డిస్క్ విప్పి బల్ల మీద పెట్టింది.

“తీసేసిన ఫైళ్లు వెంటనే చెరిగిపోవు. వాటి చోట కొత్తవి వచ్చి కూర్చునేదాకా అడుగున పడి ఉంటాయి. నాకు తెలిసిన ల్యాబ్ ఉంది. నలభై ఒకటీ వస్తాయని చెప్పను. ఈ మధ్య మీరెవరూ ఇందులో ఒక్క అక్షరం రాయలేదు కాబట్టి కొన్నయినా దొరకొచ్చు. మీ నిర్లక్ష్యం చేసిన మేలు అదొక్కటే. తీసుకెళ్తున్నా. ఎవరికైనా అభ్యంతరం...”

ఆగిపోయింది. ఈ ఇంట్లో ఆ ప్రశ్న అలా అడగకూడదు. డిస్క్ మీంచి చెయ్యి తీసి మళ్లీ కూర్చుంది.

“అలా కాదు. ఒక్కొక్కరూ నోరు తెరిచి చెప్పండి. ఆ గొంతు మీకు కావాలా?”

“కావాలి,” అంది కూతురు.

“కావాలి మేడమ్,” అన్నాడు చిన్నకొడుకు.

“నన్ను వెక్కిరించింది కదా, ఆ సైకిలు కథ. కావాలి తల్లీ,” అంది తల్లి.

పెద్దకొడుకు మాట్లాడలేదు.

“అన్నయ్యకీ కావాలి మేడమ్, తీసుకెళ్లండి,” అన్నాడు చిన్నకొడుకు.

“మిమ్మల్ని అడగలేదు,” అంది డిటెక్టివ్.

ఆమెకు సాయంత్రం ఇంకో కేసుంది. మోకాలు సలుపుతోంది. అయినా లేవలేదు. తల్లీ, చెల్లీ, తమ్ముడూ అతన్నే చూస్తున్నారు. చాలాసేపటికి అతని పెదవులు కదిలాయి.

“కావాలండీ,” అన్నాడు. “ఏది దొరికితే అది. నన్ను తిట్టినవైనా సరే.”