నాలుగడుగుల వరద

“అది వరద కాదండీ, నేను,” అన్నాడు దర్జీ.

నగరపాలక కార్యాలయంలో వరద మ్యాపు ముందేసుకుని కూర్చున్న ఇంజనీరమ్మాయి తలెత్తి చూసింది.

మ్యాపులో అతని వీధి ఎర్రగా ఉంది. ఎరుపంటే కింది అంతస్తులో షాపులు ఉండకూడదు. మూడు నెలల్లో ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. అతనికీ, వాళ్లమ్మకీ ఉన్నదల్లా ఆ ఒక్క గదీ, రెండు కుట్టుమిషన్లూ.

“మీ గుమ్మం మీద నాలుగడుగుల ఎత్తున గీత ఉంది. పక్కన పెద్ద వరదొచ్చిన సంవత్సరం రాసుంది. నేనే కొలిచాను.”

“ఆ ఏడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మ నన్ను నిలబెట్టి నా ఎత్తు గీసింది.”

“ఆవిడని అడిగాను. ఆ ఏటిదే అన్నారు.”

“నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంతకంటే ఏం చెప్తుంది?”

ఇంజనీరమ్మాయి మళ్లీ మ్యాపు చూసుకుంది. ఆ వీధి మొత్తానికి దొరికిన గుర్తు అదొక్కటే. దాన్ని బట్టి గీసిన మ్యాపు మీద ఆరుగురు పెద్ద అధికారులు సంతకాలు చేశారు. నిపుణుల సంఘం మెచ్చుకుంది కూడా.

“అభ్యంతరం రాసివ్వండి. గురువారం వచ్చి మళ్లీ కొలుస్తాను.”

గురువారం వాన. తడిసి ముద్దయి వచ్చిన ఆమెకి దర్జీ తల్లి తువ్వాలు అందించింది.

“మావాణ్ణి వరదన్నావటగా అమ్మాయ్? తప్పేం లేదులే. చిన్నప్పుడు అలాగే ఉండేవాడు.”

“అమ్మా,” అన్నాడు దర్జీ.

“అసలు నీళ్లు ఎందాకా వచ్చాయండీ?”

పెద్దావిడ పాత మిషను ఇనుప కాళ్లు చూపించింది. కింద జానెడు మేర తుప్పు తినేసింది. ఇంజనీరమ్మాయి నేల మీద కూలబడి టేపు పెట్టింది. ఎనిమిదంగుళాలు.

“ఇది ఒక్కటే చాలదు. ఇంకో ముగ్గురైనా చెప్పాలి.”

ఆ ముగ్గురి కోసం ఇద్దరూ నాలుగు గురువారాలు ఒకే గొడుగు కింద వీధంతా తిరిగారు. రెండో గొడుగు ఆమె సంచిలోనే ఉంది. అతను చూశాడు, అడగలేదు.

‘తప్పు నాది’ అని ఆమె రిపోర్టులో రాసింది. వీధి పసుపు రంగుకి మారింది. గడప ఒక అడుగు ఎత్తు చేసుకుంటే షాపు అక్కడే ఉండొచ్చు.

వారం తిరక్కుండా అతను ఇంకో అభ్యంతరం పెట్టాడు. పసుపు మరీ ముదురుగా ఉందట.

ఆ కాగితం పట్టుకుని ఆమె షాపుకొచ్చింది.

“ఏమిటండీ ఇది? అభ్యంతరాలకి రేపటితో గడువైపోతుంది. ఆ తర్వాత ఏం రాసినా ఎవరూ తీసుకోరు.”

“అందుకే ఇవాళ రాశాను. ఇక మీరు ఈ వీధికి రారు కదా.”

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“ఎదురుగా ఉన్న మైదానాన్ని ఆరడుగుల లోతు తవ్వుతున్నాం. వాననీళ్లు ఇళ్లలోకి రాకుండా అందులో నిలుస్తాయి. మ్యాపుల నుంచి తప్పించి ఆ పని మీద నన్ను వేశారు. రెండేళ్లు.”

“రిపోర్టులో తప్పు ఒప్పుకున్నందుకా? అన్యాయం. దాని మీద కూడా అభ్యంతరం రాస్తాను.”

“రాయకండి,” అంది ఆమె, మైదానం వైపు చూస్తూ. “ఆఫీసులో అందరూ శిక్షనే అనుకుంటున్నారు. అడిగి వేయించుకున్నది నేనే.”