సెప్పి ముట్టుకో

ఆ ఉదయం కూడా స్వాతి వచ్చి నాయనమ్మ మణికట్టు పట్టుకుంది. జోగమ్మ రెండో చేతిలో చాయ్ గ్లాసుతో కదలకుండా కూర్చుంది. మనవరాలి చూపు చేతి మీద లేదు, ఛాతీ మీద ఉంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. కాసేపటికి చెయ్యి వదిలేసి, మొహం ముడుచుకుని లోపలికి పోయింది. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగింది, కొడుకు మోహనకృష్ణ ఎప్పటిలాగే సైకిలెక్కాడు. జోగమ్మకి మాత్రం ఆ పూట ఖాయమైపోయింది. తనకేదో పెద్ద జబ్బుంది. ఇంట్లో అందరికీ తెలుసు. తనకే చెప్పడం లేదు.

ఆవిణ్ణి అనుకుని ఏం లాభం? కొన్నాళ్లుగా ఆ పిల్ల చేస్తున్న పనులు అలాగున్నాయి మరి. కనురెప్ప కిందికి లాగి చూస్తుంది. పాదం నొక్కి గుంట పడిందా అని చూస్తుంది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పక్కకి తిప్పి వీపు వెనక తలగడ దోపుతుంది. అన్నీ నోరు మెదపకుండానే. తల్లి నీలవేణి అది చూసి, పిల్లకి ముసలిదాని మీద ప్రేమ పుట్టుకొచ్చిందని మురిసిపోయింది.

అసలు సంగతి వేరు. స్వాతి నర్సింగులో కొత్తగా చేరింది. కాలేజీలో మొదట్లోనే ఓ ప్రశ్నల కాగితం ఇచ్చారు, ఎవరు ఎలా నేర్చుకుంటారో తేల్చడానికి. కొందరు చూసి నేర్చుకుంటారట, కొందరు విని, కొందరు రాసుకుని, కొందరు చేత్తో చేసి. స్వాతికి అన్నిటికీ సమానంగా మార్కులొచ్చాయి. దానికి అర్థమేమిటో ఆ పిల్లకి తెలియలేదు, మేడం మొహం చూస్తే ఆవిడకీ తెలిసినట్టు లేదు. సరే అని గోడ నిండా బొమ్మలు అంటించింది. తన గొంతే ఫోన్లో రికార్డు చేసుకుని వింది. చదివిందే మళ్లీ మళ్లీ రాసింది. అన్నీ కలిసి బుర్రలో కిచిడీ అయ్యాయి. మొదటి ప్రాక్టికల్లో ప్లాస్టిక్ బొమ్మ ముందు బిగుసుకుపోయి తప్పింది. ఇంట్లో అడిగితే ఠీక్ హై అంది. రెండోసారీ తప్పితే మొదటి ఏడాది మళ్లీ చదవాలి.

ఇక మిగిలింది చేత్తో చెయ్యడం. ఇంట్లో కదలకుండా కూర్చునేది నాయనమ్మ ఒక్కతే. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు రోగికి తెలియనివ్వకూడదు, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది, నాడి చూస్తున్నట్టే ఉండి లెక్కపెట్టాలి అని మేడం చెప్పింది. ఊపిరికి చెప్పిన ఆ మాటని ఈ మహాతల్లి అన్ని పనులకీ చుట్టేసుకుంది.

మధ్యాహ్నం పక్క క్వార్టరు ఆలిస్ మౌసంబీలు పట్టుకుని వచ్చింది.

"ఇంత కబురు మా కాడ దాస్తావేటి నీలవేణీ? సర్చిలో ప్రార్థనకి పేరిచ్చేసినాను."

"ఎవలి పేరు?"

"మీ అత్తది. ఆవిడే సెప్పింది, ఎక్కువ రోజులు నేవని."

నీలవేణి చేతిలో చీపురు కింద పడింది. "మా అత్తకేటైనాది?"

"ఓలమ్మ, నన్నడుగుతావేటి?" అంది ఆలిస్.

సాయంత్రం మోహనకృష్ణ సైకిలు దిగక ముందే పెళ్లాం పట్టుకుంది. "అత్తకి జబ్బని ఈ క్వార్టర్ల సెటిల్‌మెంట్ అంతటికీ తెలుసు. నాకు సెప్పకూడదేటి?"

"అమ్మకి జబ్బా? నీకెవలు సెప్పినారు?"

"నాటకాలొద్దు."

పెళ్లామే ఏదో దాస్తోందని అతనికి అనుమానం. అతనే దాస్తున్నాడని ఆవిడకి నమ్మకం. అలాగే దెబ్బలాడుకుంటూ లోపలికెళ్తే జోగమ్మ మంచం మీద చీరలు కుప్పలు పెట్టి కూర్చుని ఉంది. పొద్దుటి అన్నం మూత కూడా తియ్యలేదు.

"అమ్మా, నీకేటైనాది?"

"అది నువ్వు సెప్పాల. నన్నడుగుతావేటి?"

"నాకేటి తెలుసు?"

"దాయకు నాయనా. ఈ స్వాతి గుంట రోజూ నా ఊపిర్లు లెక్కెడతన్నాది. ఎన్ని మిగిలినాయో సూస్తన్నాది. పలాసలో మా సెల్లిని ఒకపాలి సూపించీండి, అంతే. ఈ నీలం సీర దానికి."

అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన స్వాతి గుమ్మంలో ఆగిపోయింది. అందరూ దాని వైపు తిరిగారు.

"ప్రాక్టీసు నాయనమ్మా," అంది చిన్నగా. "పరీక్షకి. నీకేటీ నేదు."

మోహనకృష్ణ ఊపిరి పీల్చుకుని పకపకా నవ్వాడు. నీలవేణి కూడా నవ్వబోయింది.

"నవ్వకండి," అంది జోగమ్మ.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"మీ నాన్నని ఆస్పత్రిలో ఎట్టినప్పుడూ ఇంతే. వొచ్చిన నర్సు వొచ్చినట్టు సెయ్యి పట్టుకోడం, కల్లు సూడ్డం, ఎల్లిపోడం. ఏటమ్మా అనడిగితే ఏం నేదు దీదీ అనీవోరు. నువ్వూ అదే అన్నావు. రేపో మాపో ఇంటికొచ్చేస్తాడు కదా, అప్పుడు తీరిగ్గా మాటాడుకుందాం అనుకున్నాను. ఆయన్తో మాటాడవలసినవి నాకు బోలెడున్నాయి. ఎల్లిపోయినాడు."

మోహనకృష్ణ గోడకి చేరబడ్డాడు. "భయపడతావని సెప్పలేదమ్మా."

"భయపడుదును. భయపడి ఆయన కాడ కూకుందును కదరా."

స్వాతి భుజం మీది సంచీ దించి నేల మీద కూలబడింది. ఆ పిల్లకి ఏడుపు ఆగలేదు. "నాకేటీ అర్థం కాట్లేదు నాయనమ్మా. పరీక్ష తప్పినాను. మీకెవరికీ సెప్పలేదు. ముందు రోగికి సెప్పాలి, తరవాతే ముట్టుకోవాలి అని కాగితం మీద రాస్తాను, మార్కులొస్తాయి. బొమ్మ ముందు నిలబడితే నోట మాట రాదు. దానికేటి సెప్తాం అనిపిస్తాది. నీకూ సెప్పలేదు. నువ్వు నా నాయనమ్మవే కదా అనుకున్నాను."

పరీక్ష తప్పిందని విని తండ్రి ఏదో అనబోయాడు. జోగమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అయితే నాకేటీ నేదా?"

"నేదు. నాడి బాగున్నాది."

"నాడి అంటే ఏటి? సెప్పి సూడు."

స్వాతి పుస్తకంలోని ఇంగ్లీషు వాక్యం మొదలెట్టింది. జోగమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. పిల్ల ఆగి, మళ్లీ మొదలెట్టింది. "నీ సెయ్యి పట్టుకుంటాను, సరేనా? ఇక్కడ వేళ్లు పెడతాను. బోరింగు కొట్టినప్పుడల్లా నీళ్లు తోసుకొస్తాయి కదా, గుండె అలా రగతాన్ని తోస్తాది. ఆ తోపు ఇక్కడ తడతాది."

"మరి బొటనేలు ఎట్టవేటి?"

"దాన్లో నా నాడే కొట్టుకుంటాది. నాది నీదనుకుంటాను." చెబుతూ చెబుతూ స్వాతి ఆశ్చర్యపోయింది. ఎన్నిసార్లు రాసినా తలకెక్కనిది నాయనమ్మకి చెప్తుంటే తలకెక్కుతోంది. "ఊపిరి ఒక్కటి మాత్రం సెప్పకుండా సూడాల. సెప్తే మార్చేస్తావు."

"ఎప్పుడు సూస్తావో సెప్పకు. సూస్తావని సెప్పు," అంది జోగమ్మ. పిల్ల మొహంలోకి చూసి అడిగింది. "రేపు నిజంగా నాకేటైనా కనబడితే ఎవలికి సెప్తావు?"

స్వాతి తండ్రి వైపు చూసింది. అతను తలెత్తలేదు.

"నీకే నాయనమ్మా. ముందు నీకే."

"భయపడిపోనా?"

"భయపడితే పక్కన కూకుంటాను."

ఆ మాటకి జోగమ్మకి దుఃఖం పొంగుకొచ్చింది. మొగుడు గోవిందరావు పోయినప్పుడు కూడా అలా బయటికి ఏడవలేదు. పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. స్వాతి లేచి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. నీలవేణి చీరలు పక్కకి జరిపింది. మోహనకృష్ణ వచ్చి తల్లికి అవతలి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు, "నాన్నకి జబ్బేటో, డాక్టరు ఏటన్నాడో, అన్నీ ఇప్పుడు సెప్పనా?"

"సెప్పు నాయనా," అంది జోగమ్మ.