ఆపరేషన్ వేలిముద్ర

“థూ!”

పదేళ్ల సర్వీసులో ఏజెంట్ జమీల్ మురుగు కాలువల్లో దాక్కున్నాడు, శవాల లారీలో సరిహద్దు దాటాడు. కానీ బోధన్ రోడ్డు మీది ఈ డేటా సెంటర్ కంపు ఎక్కడా ఎరగడు. పక్క గోదాంలో పులిసిన చెరకు మొలాసిస్. లోపల ఎలుకల పెంట. మూలమూలనా గుట్కా ఉమ్ములు. ఛీ! మనుషులు పనిచేసే చోటేనా ఇది?

వేషం ఏసీ మెకానిక్‌ది. చొక్కా గుండీలో కెమెరా. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు.

“టార్గెట్, బీడీ కార్మికుల వేలిముద్రలు. ఆకు చుట్టీ చుట్టీ ఆ ఆడవాళ్ల వేళ్లు అరిగిపోయాయి. మళ్లీ తీద్దామన్నా ముద్ర పడదు. విదేశీ ముఠా పాత ముద్రలు కాపీ చేసుకుని, ఇక్కడివి చెడగొడుతుంది. వాటితో వాళ్ల గూఢచారులు సిమ్‌లు కొంటారు, ఖాతాలు తెరుస్తారు. అసలు మనిషి వచ్చి ‘నేనే’ అన్నా రుజువుండదు. లోపల మన ఏజెంట్ ఉంది.”

నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, గుప్పుమనే సెంటు. సెక్యూరిటీ ఆడిటర్ రోజా ఎదురొచ్చింది.

“చల్లదనం తగ్గిందా మేడం?” జమీల్ కోడ్ విసిరాడు.

“మెండోరలో వాన పడితే సరిపోతుంది.” జవాబు సరైనదే. “అంతా సేఫ్. ఏసీ చూసి వెళ్లిపో” అని రోజా సర్వర్ గదిలోకి వెళ్లింది.

బయట బల్ల దగ్గర అడ్మిన్ సవిత కూర్చుని ఉంది. “సర్వర్లు ఎన్నక్కా?” అడిగాడు జమీల్.

“రెండన్నా. స్టోరేజీ మాత్రం ఒక్కటే, రెండూ అండ్లనే రాస్తయి. నడుమ లింకు తెగితే, ఒకటి రెండోదాని కరెంటు తీసేస్తది. ఫెన్సింగ్ అంటరు. లేకుంటే రెండూ ఒక్కతాన్నే రాసి డేటా అంత ఖరాబ్ జేస్తయి.”

“ఇప్పుడు ఆన్‌లనే ఉన్నదా?”

“బంద్ జేసినం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒక సర్వర్ ఆఫ్ అయితుండె. ఓనర్ నరేష్ సార్ ఊకె ఒర్లుడు. తీసెయ్యమని రోజా మేడమే చెప్పింది. సార్ ఖుష్ అయిండు.”

అది తీయించి ‘అంతా సేఫ్’ అందా రోజా? డబుల్ ఏజెంట్!

ఒక్క ఉదుటున సర్వర్ గదిలోకి పోయాడు, వెనకే సవిత. రోజా కాపీ డిస్క్ పర్సులో వేసుకుంటోంది. లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల బ్లేడు. టక్! రెండు సర్వర్ల మధ్య కేబుల్ తెగింది.

“ఆలస్యం, మిస్టర్ మెకానిక్!”

“అన్నా!” సవిత అరిచింది. “ఇప్పుడు ఒకదానికొకటి జవాబు కోసం సూస్తయి. రాకుంటే రెండూ రాసుడు మొదలువెడ్తయి! ఏదన్న ఒకదాని ప్లగ్గు పీకు!”

ప్లగ్గు మూలన ఉంది. దాని మీద ఎర్రటి ఉమ్ము చారలు చారలుగా గడ్డకట్టింది, కొంత ఇంకా పచ్చిగానే ఉంది. జమీల్ చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.

“మా అవ్వ ముద్ర అండ్ల ఉన్నదన్నా! భూమవ్వ! మల్ల తీద్దామంటె బీడీలు జుట్టి ఆమె వేలు అరిగిపోయింది!”

కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాడు. జిగట. వాంతి గొంతుదాకా వచ్చింది. పీకాడు.

ఒక సర్వర్ ఆరిపోయింది. రెండోది ఒంటరిగా, బుద్ధిగా రాసుకుంటూ పోయింది.

“బతికినం!” సవిత ఏడుస్తూ నవ్వింది. పారిపోబోయిన రోజా హైహీల్ ఉమ్ములో జారింది. సవిత డిస్క్ లాక్కుంది, జమీల్ బేడీలు వేశాడు.

గోలకు ఓనర్ నరేష్ పరుగున వచ్చాడు. జమీల్ ఐడీ కార్డు చూపించాడు. “ఆ ఫెన్సింగ్ ఇప్పుడే ఆన్ చేయించు. కేబుల్ మార్చి ఈ సర్వర్ కూడా.”

నరేష్ తల గోక్కున్నాడు. “మల్ల ఊకె ఆఫ్ అయితది గద సార్! ఒకటి ఎట్లాగూ బందే పడ్డది. గట్లనే ఉండనియ్యిన్రి, కరెంటు బిల్లన్న కలిసొస్తది.”

జమీల్ అతన్ని చూశాడు, బేడీల్లో ఉన్న రోజాను చూశాడు. తప్పు మనిషిని అరెస్టు చేశానేమోనని సర్వీసులో మొదటిసారి అనుమానం వచ్చింది.