ట్రెగానింగ్ వంకలో ఇంకో మెషిన్

2011 మార్చి 4, శుక్రవారం. అమావాస్య. పగలు ముప్పైనాలుగు డిగ్రీల ఎండ కాసింది. సాయంత్రం ఆరింటికి దక్షిణపు గాలి తిరిగింది, ఎనిమిదింటికల్లా చలికోటు వెతుక్కున్నాను. జనవరిలో కుంభవృష్టిగా కురిసిన వానల తడి నేలలో ఇంకా ఆరలేదు, అందుకని దోమలు ఈగలంతేసి ఉన్నాయి. ఇవన్నీ నా డైరీలో ఉన్నాయి. ముప్పైరెండేళ్ళు బడిలో సైన్సు చెప్పినవాడికి ఎండావానా రాసి పెట్టుకోవడం ఒక జబ్బు.

ఆ రాత్రి ట్రెగానింగ్ వంకలో జరిగింది మాత్రం డైరీలో లేదు. అది నాకు ఇద్దరు చెప్పారు. విడివిడిగా — ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని.

ముందు ఆ వంక సంగతి చెప్పాలి.

మా ఊరికి రెండు కిలోమీటర్లు. అటూ ఇటూ నల్లటి బెరడున్న నీలగిరి చెట్లు, మధ్యలో పాత బంగారపు తవ్వకాల గోతులు. 1857లో ట్రెగానింగ్ అనేవాడు అక్కడ ఒంటరిగా అరవై అడుగుల నిలువు గొయ్యి తవ్వాడు. ఒక అమావాస్య రాత్రి దాహమేసి బీరు డేరాకి నడిచాడు. బీరు అయిపోయిందన్నారు. ఎండిన గొంతుతో, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ తిరిగొచ్చి… దీపం లేక… తను తవ్విన గోతిలో తనే పడ్డాడు.

అప్పటినుంచీ చీకటి రాత్రుల్లో అక్కడ పికాసు చప్పుడు వినిపిస్తుందంటారు. టక్… టక్… మధ్యలో ఒక పొడి దగ్గు.

నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి. (ఆ చదువుతో నాకు చిటికెడు బంగారం కూడా దొరకలేదు, అది వేరే కథ.) అది కొమ్మలు రాసుకునే చప్పుడని పబ్‌లో అందరికీ విడమరిచి చెప్పేవాణ్ణి. అందరూ తలలూపేవారు. ఒక్కడూ రాత్రిపూట అటు వెళ్ళేవాడు కాదు. నేనూ వెళ్ళలేదనుకోండి.

ఇక మెర్వ్ టక్‌వెల్. మెల్‌బోర్న్‌లో ముప్పైతొమ్మిదేళ్ళు ట్రామ్ నడిపి రిటైరయ్యాడు. పట్టాలు ఎటు తిప్పితే అటు తిరిగిన మనిషి. రిటైరైన మర్నాడే ఇల్లు అమ్మకానికి పెట్టి, కారు వెనక తగిలించుకునే ఇల్లులాంటి క్యారవాన్ ఒకటి, నేలలో లోహముంటే కూతపెట్టే మెషిన్, అదే మెటల్ డిటెక్టర్, ఒకటి కొన్నాడు. దేశమంతా తిరుగుతూ బంగారం ఏరుకుంటాడట. భార్య నోలీన్‌కి కావలసింది సముద్రం. క్వీన్స్‌లాండ్ ఒడ్డున ఆమె చెల్లెలు వెర్నా ఉంది, పక్కిల్లు ఖాళీగా ఉంది.

వాదించి వాదించి, చివరికి క్యారవాన్ అలమర తలుపు లోపలివైపు పెన్సిల్‌తో ఒప్పందం రాసుకున్నారు. వచ్చే ఈస్టర్ లోపల మెర్వ్ ఒక ఔన్సు — అంటే ముప్పైయొక్క గ్రాములు — పోగెయ్యాలి. లేకపోతే మెషిన్ అమ్మెయ్యాలి, బండి వెర్నా పక్కింటికి పోవాలి, మళ్ళీ తిరుగుడు మాట ఎత్తకూడదు. కింద రెండు సంతకాలు.

మా ఊరి క్యారవాన్ పార్కులో దిగాక రోజూ సాయంత్రం ఇదే భాగవతం.

"ఇవాళేం దొరికింది, కోటీశ్వరా?" అనేది నోలీన్.

"గుర్రపు నాడా."

"గుర్రం కూడా దొరికితే చెప్పు. దానిమీద వెర్నా ఇంటికి పోతా."

ఫిబ్రవరి ఆఖరుకి అతని అగ్గిపెట్టెలో ఇరవైయారు గ్రాములు చేరాయి. పగలు తిరగదగ్గ చోట్లన్నీ తిరిగేశాడు. అతనికి మిగిలింది ఒకే ఒక్క చోటు, ట్రెగానింగ్ వంక. అక్కడికి పగలు వెళితే నలుగురి కంటా పడుతుంది.

శుక్రవారం రాత్రి మా పబ్‌లో మాంసం లాటరీ. టికెట్ కొంటే అదృష్టవంతుడికి పళ్ళెం నిండా పొట్టేలు చాప్స్. "లాటరీకి పోతున్నా" అన్నాడు మెర్వ్. "నేనూ చర్చి హాల్లో బొంత కుట్టడానికి పోతున్నా" అంది నోలీన్, కుట్టుసంచీ సైకిలుకి తగిలించుకుంటూ. మెర్వ్ నలుగురికీ కనిపించేలా కారుని పబ్ ముందు నిలిపాడు. మెషిన్ కోటు కింద దాచుకుని వంకకి నడిచాడు.

దీపం వెయ్యలేదు. బంగారం వెతికేవాడు తన చోటు మరొకడికి చూపించడు.

చెవులకి హెడ్‌ఫోన్లు. చేతిలో మెషిన్ అటూ ఇటూ ఊగుతోంది. దాని సన్నటి గుంయ్‌మనే చప్పుడు… అంతే. పదిన్నరకి, ట్రెగానింగ్ గొయ్యికి పదడుగుల దూరంలో, ఒక మొద్దు పక్కన ఆ చప్పుడు కొంచెం వంగింది. లోతున ఏదో ఉంది. పికాసు తీసి మోకాలి లోతు తవ్వాడు. చప్పుడు ఇంకా కిందనుంచే వస్తోంది.

అప్పుడు మెషిన్ కిచకిచలాడటం మొదలుపెట్టింది.

ఇక్కడొక మాట చెప్పాలి. రెండు మెషిన్లు దగ్గర పడితే, ఒకదాని కూత ఇంకొకదానికి తగిలి, పిట్టలు పోట్లాడుకున్నట్టు అరుస్తాయి. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. అందుకే మనిషి కనబడగానే పలకరించి వందడుగులు పక్కకి జరుగుతారు. కిచకిచ వినబడిందంటే ఒకటే అర్థం… దగ్గర్లో ఇంకొకడు ఉన్నాడు.

మెర్వ్ చుట్టూ చూశాడు. దీపం లేదు. మనిషి లేడు.

"ఎవరు గురూ?" అన్నాడు గొంతు తగ్గించి.



కిచకిచ పెరిగింది. దగ్గరికొస్తోంది. ఉన్నట్టుండి — ఆగిపోయింది. మెర్వ్ ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా దగ్గరగా… అతను హెడ్‌ఫోన్లు లాగేశాడు.

టక్… టక్…

రాయి మీద ఇనుము. భయానికి గొంతెండి మెర్వ్ దగ్గాడు. ఆ చప్పుడు ఆగింది. గొయ్యి అవతల, నడుమెత్తున, తెల్లటిదొకటి లేచి నిలబడింది. దానికి మొహం లేదు.

మెర్వ్ పికాసు వదిలేశాడు. మెషిన్ మాత్రం వదల్లేదు. అరవైయేడేళ్ళ మనిషి, రెండు కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా పరుగెత్తాడు.

"మాంసం ఏది?" అంది నోలీన్, క్యారవాన్‌లో. ఆమె కూడా ఎందుకో రొప్పుతోంది.

"తగల్లేదు. నీ బొంత ఎంతదాకా వచ్చింది?"

"వేలికి సూది గుచ్చుకుంది. ఇవాళ్టికి చాలు."

మర్నాడు మధ్యాహ్నం మెర్వ్ పాలిపోయిన మొహంతో నా గుమ్మంలో నిలబడ్డాడు. ముందు ఒట్టు వేయించుకున్నాడు. రాత్రి జరిగింది మొత్తం చెప్పాడు. చివరికి నా చెవి దగ్గరికి వంగి,

"గురూ, అదంతా ఒక ఎత్తు. పికాసు అక్కడే పారేసొచ్చానా… ఇందాక చూస్తే మా క్యారవాన్ చక్రానికి ఆనించి ఉంది. మట్టంతా కడిగి!"

నా వీపు కూడా జలదరించిందని ఒప్పుకుంటాను.

సోమవారం నోలీన్ వచ్చింది. నా దగ్గర బడి లేబరేటరీ మూసేసినప్పుడు తెచ్చుకున్న త్రాసు ఉంది. ఊళ్ళో బంగారమంతా దాని మీదే తూగుతుంది. ఆమె కూడా ముందు ఒట్టు వేయించుకుంది. తర్వాత గుండీల డబ్బా తెరిచి, పావురం గుడ్డంత ముద్ద త్రాసులో పెట్టింది.

రెండువందల ఇరవై గ్రాములు.

"ఎక్కడిది తల్లీ ఇది?" అన్నాను.

"మా ఆయన తవ్విన గోతిలోది." ఆమె నవ్వాపుకోలేకపోతోంది. "మాష్టారూ, నేనొక్కనాడు కూడా బొంత కుట్టలేదు. ఆయన కంటే ముందు నేనే ఏరేస్తే ఆయనకి ఔన్సు నిండదు కదా అని, మడత మెషిన్ ఒకటి పాతది కొన్నాను. ఆ రాత్రి నా మెషిన్ కూడా కిచకిచమంది. ఆపి చూశాను, మళ్ళీ వేశాను. చెవులకి హెడ్‌ఫోన్లు, ఆయన పిలిచింది వినబళ్ళేదు. పికాసు రాయికి తగిలింది. వంగి మట్టి చూస్తుంటే ఎక్కడో దగ్గు… లేచి నిలబడ్డాను. అంతే! ట్రెగానింగే అనుకుని మెషిన్ పారేసి సైకిలెక్కాను."

"మరి ఆ తెల్లటిది?"

"దోమలకి టోపీ మీంచి వల వేసుకున్నాను. పొద్దున నా మెషిన్ కోసం వెళితే, మొద్దు పక్కన గొయ్యి, పిడి మీద ఎమ్.టి. అని కాల్చిన మా ఆయన పికాసు! ఆ మొద్దు మీద కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఇంకో ఆరంగుళాలు తవ్వాను, ఇది పడింది."

"చెప్పకూడదూ పాపం?"

"చెప్తే ఆయన గెలిచేస్తాడు. ఓడిపోనివ్వండి. సముద్రం ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టి, అప్పుడు చూపిస్తాను ముసలాడికి."

ఈస్టర్ ముందురోజు మెర్వ్ అగ్గిపెట్టె తెచ్చాడు. ఇరవైయెనిమిదిన్నర. "నీ త్రాసుకి జాలి లేదా గురూ?" అన్నాడు. నవ్వబోయాడు గాని రాలేదు. తిరిగి వెళుతుంటే చూశాను. పట్టాల మీద నడుస్తున్నట్టు నడిచాడు.

ఆదివారం, ఏప్రిల్ 24, ఒప్పందం ప్రకారం ఇద్దరూ వచ్చారు. అగ్గిపెట్టె త్రాసులో ఒంపాను. ముల్లు ఆగింది.

ముప్పైయొకటీ పాయింట్ ఆరు.

మళ్ళీ తూచాను. అంతే. అందులో గోరంత ముక్కొకటి కొత్తది. నోలీన్ వంక చూశాను. ఆమె కిటికీలోంచి నా టమాటా మొక్కలు లెక్కపెడుతోంది.

"ట్రెగానింగ్…" అన్నాడు మెర్వ్ గుసగుసగా.

"ఎవరో ఒకరు. నెగ్గావుగా, పద. వెర్నాకి ఫోన్ నేను చేస్తాలే," అంది నోలీన్. గుమ్మం దాటాక నా వైపు తిరిగి, "సముద్రం ఎక్కడికీ పోదు మాష్టారూ. వంకలో ఇంకా చూడని చోటు చాలా ఉంది," అంది.

అప్పటినుంచీ చలికాలం వాళ్ళు ఉత్తరానికీ పడమటికీ పోయేవారు. మార్చికల్లా మా ఊరు చేరేవారు. మార్చి అమావాస్యనాడు మెర్వ్ ఒక చల్లటి బీరు సీసా, మూత తియ్యకుండా, ట్రెగానింగ్ గొయ్యి అంచున పెట్టేవాడు. పొద్దున వెళితే — సీసా ఖాళీ. బోర్లించి ఉండేది. మూత దాని నెత్తిన.

ప్రతి యేడూ.

అతను ఆ సీసా పట్టుకొచ్చి నాకు చూపించేవాడు. అతని వెనకనుంచి నోలీన్ నాకు కన్ను గీటేది. నేనూ గీటేవాణ్ణి. ఎనిమిదేళ్ళు అలాగే గీటుకున్నాం.

2019 జూన్‌లో ఆమె ఆసుపత్రిలో ఉండగా చూడ్డానికి వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుంది. మాట సన్నగా వచ్చింది.

"మా ముసలాడి సరదా కోసం… చీకట్లో అంత దూరం నడిచి… ఆ బీరు తాగేవారు మీరు. నాకా వాసనే పడదు. మంచి మనసు మాష్టారూ మీది."

"నేనా?" అన్నాను. "నేను మీరనుకున్నాను…"

నర్సు వచ్చి టైమైపోయిందంది. ఆ వారమే నోలీన్ పోయింది.

గుండీల డబ్బా మెర్వ్‌కి రాసింది. ముద్ద మీద చుట్టిన కాగితంలో, "ఇంకో ఆరంగుళాలు తవ్వుంటే నీదే, పిరికివాడా" అని ఉందట. చదివి ఎంతసేపు నవ్వాడో, ఎంతసేపు ఏడ్చాడో పార్కంతా విన్నది. బీరు సంగతి మాత్రం నేను అతనికి చెప్పలేదు.

మెర్వ్ 2022లో పోయాడు. ముద్ద, క్యారవాన్ వెర్నాకి వెళ్ళాయి, అన్నేళ్ళు పక్కిల్లు చూపిస్తూ కాచుక్కూర్చున్నందుకు. నోలీన్ ఇంట్లో కుడుతున్నానని చెప్పిన బొంతని గోడకి తగిలిద్దామని మేకు కొట్టి ఉంచిన చర్చి ఆడవాళ్ళకి ఏమీ రాలేదు. లేని బొంత ఎక్కణ్ణుంచి వస్తుంది? ట్రెగానింగ్‌కి యేటా ఒక బీరు, చల్లగా ఉండాలని వీలునామాలో ఉంది. పెట్టే బాధ్యత నాది. పట్టపగలే వెళ్ళి పెట్టొస్తున్నాను. ఖాళీ సీసాలు మూడు నా కిటికీలో ఉన్నాయి.

మెషిన్ నాకు రాశాడు. బ్యాటరీ నిండుగానే ఉంది. ఆన్ మాత్రం చెయ్యలేదు… కిచకిచమంటుందేమోనని.