సౌండు గదిలో అడుగుల చప్పుడు

ఆ నాటకశాలలో, తాళం తీసి చేతికిచ్చినా ఎవరూ అడుగుపెట్టని గది ఒకటుంది — ప్రేక్షకుల కుర్చీల వెనకాల, చెక్కమెట్లెక్కి వెళ్ళాల్సిన సౌండు గది.

సౌండాయన ఆ గదిలోనే పోయాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. ఉరుములు, వాన, రైలు కూత, తలుపు కిర్రుమనడం — నాటకంలో ఏ చప్పుడు కావాలన్నా ఆయన ఎక్కడెక్కడో పట్టుకొచ్చి తన పాత కంప్యూటర్లో దాచేవాడు. పొద్దున్నే వేస్తే రాత్రి ఇంటికెళ్ళేదాకా దాన్ని ఆపేవాడు కాదు. ఆయన పోయాక కూడా, భయంకొద్దీ, దాని స్విచ్చి జోలికి ఎవరూ పోలేదు.

కొన్నాళ్ళకే మొదలైందంటారు. కరెంటు పోయి వచ్చిన రాత్రుల్లో... తాళం వేసిన ఆ గదిలోంచి... ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు.

విన్నవాడు వాచ్‌మన్. ఆ తర్వాత కరెంటు పోతే చాలు, అతను గేటు అవతల నిలబడి నాటకశాలకి కాపలా కాసేవాడు. నటులూ అంతే. గంట మోగాలన్నా, కుక్క మొరగాలన్నా ఫోన్లోంచే వినిపించి సరిపెట్టుకున్నారు గానీ, ఆ మెట్ల వైపు చూసినవాళ్ళు లేరు.

ఒక్క పిన్ని మాత్రం పగటిపూట వెళ్ళేది. పిన్ని అంటే సౌండాయన భార్య. నాటకశాల ఊడ్చి, వేషాల బట్టలు ఉతికి మడతపెట్టేది ఆమే. చిన్నా పెద్దా అందరికీ పిన్నే. ఆ గది తాళంచెవి ఆమె కొంగుకి ముడేసి ఉండేది. గది ఊడ్చి, ఆయన కుర్చీ తుడిచి, పక్కనే నేలమీద కాసేపు కూర్చుని వచ్చేది. రాత్రి సంగతులు ఆమె చెవిన వేయడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇక అసలు కథ బావమరిదిది.

అతను దర్శకుడి భార్యకి తమ్ముడు. బావమరిది ఒక్కరికే అయినా, ఊరంతా అతన్ని అలాగే పిలిచేది. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. తన చెయ్యి పడితే చచ్చిన మిషన్ కూడా లేచి కూర్చుంటుందని కోతలు కోసేవాడు. పని రాదని కాదు — కోతలకి సరిపడా రాదు.

కొత్త నాటకమంతా తుఫాను రాత్రిలో నడుస్తుంది. సౌండాయన ఉరుములు లేకపోతే లాభం లేదు. పాత హార్డ్ డ్రైవ్‌లో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించమని దర్శకుడు బావమరిదికి అప్పజెప్పాడు. అతను వచ్చి, మిషన్ ఆపి, డ్రైవ్ ఊడదీశాడు. ఊడదీసి, ఎవరితోనో ఫోన్లో గొప్పలు చెప్పుకుంటూ — చేయిజార్చాడు.

పడినప్పుడు చప్పుడు చిన్నదే. కానీ మళ్ళీ బిగించాక లోపల ఏదో కొట్టుకోవడం మొదలైంది. టక్... టక్...

"ఏమైందిరా?" అన్నాడు దర్శకుడు.

"నడుస్తున్న మిషన్ ప్లగ్గు ఎవరో పీకేశారు బావా. ఊడ్చేటప్పుడై ఉంటుంది."

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా — ఊడ్చేది ఒక్కరే.

దర్శకుడు మండిపడ్డాడు. తాళంచెవి ఇచ్చేయమన్నాడు, మొదటి ప్రదర్శన అయ్యాక ఇంక పనిలోకి రావద్దన్నాడు. పిన్ని వాదించలేదు. "నేను ముట్టుకోలేదు బాబూ," అని ఒక్కసారి మాత్రం అంది. కొంగు ముడి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. ఆమె దాన్ని విప్పుతున్నంతసేపూ బావమరిది గోడమీది పాత పోస్టరు చదువుతూ నిలబడ్డాడు. ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు. అయినా నోరు విప్పలేదు.

ప్రదర్శనకి ముందురోజు రాత్రి, రిహార్సల్ అయిపోయాక, కొత్త డ్రైవ్ పట్టుకుని ఆ మెట్లెక్కాడు. "పది నిమిషాల పని," అన్నాడు బావతో. మూడో మెట్టు కాలికింద కిర్రుమంది.

కింద హాలంతా చీకటి. అందరూ వెళ్ళిపోయినట్టున్నారు.

మిషన్ ఇనప మూత తీసి బల్లమీద పడేశాడు. పాత డ్రైవ్ పక్కనే కొత్తది తగిలించి స్విచ్చి వేశాడు. టక్... టక్... చాలాసేపటికి తెర వెలిగింది. పాతది కనిపించింది.

కొత్తది కనిపించలేదు.

ఆపాడు. కేబుల్ మార్చి వేశాడు. లేదు. ఆ కేబుల్‌నే ఇంకోలా తిప్పి బిగించి వేశాడు. లేదు. అలాంటిదొకటి లోకంలో ఉందని తనకి తెలియనట్టే ఊరుకుంది కంప్యూటర్. బావమరిదికి చెమట పట్టింది. రేపు సాయంత్రానికి ఉరుములు లేకపోతే... బావ ముఖం ఎలా చూడాలి? దిక్కుతోచక తెరవైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు వినిపించింది.

అడుగుల చప్పుడు... మెట్లమీద.

నెమ్మదిగా... ఒక్కొక్కటే... మూడో మెట్టు కిర్రుమంది — ఇందాక తన కాలికింద కిర్రుమన్నట్టే.

"ఎవరూ?... బావా?"

తలుపు తెరిచే ఉంది. గదిలో దీపం వెలుగు మెట్లమీద పడుతోంది. మెట్లమీద ఎవరూ లేరు. అడుగులు మాత్రం ఎక్కుతూనే ఉన్నాయి... పైదాకా వచ్చాయి... ఆగాయి.

చేతికి ఏది తగిలితే అది నొక్కాడు. కంప్యూటర్ ఆరి, మళ్ళీ వెలిగింది. టక్... టక్... లేచి పారిపోదామంటే, దిగాల్సింది ఆ మెట్లే.

మళ్ళీ అడుగులు. మళ్ళీ ఆ కిర్రు. ఈసారి పైకి వచ్చి ఆగాక... సరిగ్గా అతని వెనకాల... ఎవరో దగ్గారు.

"ఏం బాబూ... వినిపిస్తోందా?"

సౌండాయన గొంతు! ఆ గొంతు పోల్చుకోలేనివాడు ఆ నాటకశాలలో లేడు. బావమరిది పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీలోంచి జారి మోకాళ్ళమీద పడ్డాడు.

"నన్నేం చేయకు సౌండాయనా... నేనే. డ్రైవ్ పడేసింది నేనే. పిన్ని ప్లగ్గు పీకలేదు... అసలు ఆవిడ దాన్ని ముట్టుకోనేలేదు. నా పరువు పోతుందని ఆవిడ మీదకి తోశాను. నేను మనిషినే కాను..." ఏడుపొచ్చింది. టపటపా లెంపలు వేసుకున్నాడు. "ఈ ఒక్క డ్రైవ్ కనిపించేలా చెయ్యి. పొద్దున్నే బావకి నేనే చెప్తాను. తాళంచెవి పిన్నికి ఇప్పిస్తాను. ఒట్టు!"

టక్... టక్... ఎవరూ పీక పట్టుకోలేదు.

కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. గది గదిలాగే ఉంది. మిషన్‌ని మళ్ళీ మొదలుపెట్టి, మొట్టమొదటే చూడాల్సింది ఇప్పుడు చూశాడు — పూర్తిగా లేవకముందే వచ్చే ఆ నీలం తెర, లోపలి అమరికలన్నీ ఉండేది. రెండో డ్రైవ్ తగిలించే చోటు ఎదురుగా 'ఆఫ్' అని ఉంది. వాడకం లేదని సౌండాయన ఎప్పుడో ఆపేసుంటాడు. దాన్ని 'ఆన్' చేశాడు. కొత్త డ్రైవ్ పేరు తెరమీద ప్రత్యక్షమైంది.

ఇంతేనా! ఇంత చిన్నదానికా తను మోకాళ్ళమీద పడింది!

అంతలో మళ్ళీ అడుగులు. కానీ ఈసారి అతను కళ్ళు మూసుకోలేదు. తెరమూల చిన్న కిటికీ ఒకటి తెరుచుకుని ఉంది. అందులో ఒక గీత, అడుగు అడుగుకీ ఎగిరిపడుతోంది. పైన పేరు — 'పొద్దుటి పరీక్ష'.

అర్థమైపోయింది. మిషన్ లేవగానే స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో తెలియడానికి సౌండాయన పెట్టుకున్న ఏర్పాటు. మెట్ల చప్పుడు, ఒక దగ్గు, ఒక ప్రశ్న. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మిషన్ దానంతటదే లేచేది. లేచి, తాపీగా, ఇది వినిపించేది.

"ఇంతసేపు నన్నేడిపించింది నువ్వా!"

భయం పోయి రోషం వచ్చింది. ఆ ఫైల్ పట్టుకుని తీసిపారేశాడు. చెత్తబుట్టలో కూడా మిగలకుండా, మళ్ళీ తిరిగిరాకుండా తీసేశాడు. ఆ తర్వాత కొత్త డ్రైవ్ సిద్ధంచేసి మిగిలినవన్నీ అందులోకి ఎక్కించాడు. ఒక ఉరుము వేసి చూశాడు. గది అదిరిపోయింది.

మిషన్ అలాగే వదిలేసి దిగుతుంటే, మెట్టు మెట్టుకీ ప్రాణం తేలికపడింది. దాంతోపాటు ఒట్టూ తేలికపడింది. దెయ్యమే లేనప్పుడు దెయ్యానికి వేసిన ఒట్టేమిటి? పిన్ని సంగతి... నాటకం అయ్యాక నెమ్మదిగా చూద్దాంలే.

మేకప్ గదిలో దీపం వెలుగుతోంది. అందరూ వెళ్ళిపోయారనుకున్నాడు — అందరూ అక్కడే ఉన్నారు. సగం రంగు తుడుచుకున్న ముఖాలతో, దర్శకుడైతే సగం ఊడిన పెట్టుడు మీసంతో.

"అయిపోయింది బావా! చెప్పానుగా, పది నిమిషాల పనని. ఎవరో ప్లగ్గు పీకి సగం చంపేశారు గానీ, నా చెయ్యి పడింది కాబట్టి..."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అతన్ని చూడటం లేదు. అతని తలమీదుగా గోడవైపు చూస్తున్నారు.

గోడకి చిన్న స్పీకర్ పెట్టె. 'తర్వాతి సీను, సిద్ధంగా ఉండండి' అని సౌండు గదిలోంచి నటులకి చెప్పడానికి పెట్టింది. అందులోంచి, మెల్లగా, స్పష్టంగా వస్తోంది...

టక్... టక్...

పైన మైకు బటన్ నొక్కితేనే ఈ పెట్టె పలుకుతుంది. తను మిషన్ మూత బల్లమీద ఎక్కడ పడేశాడో అప్పుడు గుర్తొచ్చింది — సరిగ్గా ఆ బటన్ మీదే.

తల కొట్టేసినట్టయింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒట్టు కూడా వేశావు కదరా," అన్నాడు బావ, చాలా నెమ్మదిగా.

మూలన, సగం మడతపెట్టిన అంగీ ఒళ్ళో పెట్టుకుని పిన్ని కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె చూపు ఇంకా ఆ పెట్టెమీదే ఉంది.

"ఆయన మాట్లాడారు బాబూ," అంది గుసగుసగా. "అన్ని చప్పుళ్ళు దాచారు గానీ, తన గొంతు దాచుకున్నారని నాకు తెలీదు. ప్లగ్గు సంగతి పోనీలే... ఆ మాట ఒక్కటి నా ఫోన్లో వేసిస్తావా?"

పెట్టెలో చప్పుడు జోరందుకుంది. టక్‌టక్‌టక్‌టక్... ఆగిపోయింది. ఫ్యాను హోరు మాత్రం మిగిలింది. పాత డ్రైవ్ ఇంక లేవదని ఆ గదిలో తెలిసినవాడు బావమరిది ఒక్కడే.

'రేపు వేసిస్తా పిన్నీ' — అబద్ధం తయారై పెదవులదాకా వచ్చింది. ఎంత తేలికైన మాట! కానీ సిగ్గుతో దాన్ని మింగేశాడు.

"లేదు పిన్నీ... తీసేశాను. కోపంలో... నేనే తీసేశాను."

"తీసేస్తే... ఇంకోచోట ఉంటుందిగా బాబూ?"

"ఉండదు."

దర్శకుడు లేచి, జేబులోంచి తాళంచెవి తీసి, రెండు చేతులతో పిన్ని అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కాసేపు చూసుకుంది. తర్వాత వంగి, బావమరిది ముందున్న బల్లమీద పెట్టేసింది.

"వద్దు బాబూ," అంది. "ఇప్పుడక్కడ ఎవరున్నారని?"