నల్లగీతల పందెం

"నా ఐస్‌క్రీం మీద ఎలుకల్ని పెట్టింది ఎవరే?" ఫ్రీజర్ తలుపు పట్టుకుని అరిచింది లొరేన్.

"కవర్లోనే ఉన్నాయి కదమ్మా," అంది కూతురు గ్రెటా.

"బఠాణీల మీద పెట్టుకోవచ్చుగా?"

"బఠాణీలు నాన్నవి. ఆయన ఊరుకోడు."

పేపరు చదువుతున్న వెర్న్ తల ఎత్తకుండానే, "ఊరుకోను," అన్నాడు.

అమెరికాలో, ఒహాయోలోని ఆ ఇంటి బేస్‌మెంటు నిండా గ్రెటా పెంచే కొండచిలువలే; ఫ్రీజర్లో ఎలుకలు వాటి మేత. గడిచిన శీతాకాలం నుంచి వాటిలో ఒకటి మాత్రం ఆమెది కాదు. డెస్మండ్‌ది.

అతన్ని ఆమె మొదట చూసింది పాముల సంతలో. అతని బల్ల మీద మామూలు గోధుమరంగు మగపాము ఒకటుంది. డబ్బా మీద 'తెల్లమచ్చల జన్యువు ఉంది' అని గొప్పగా రాసిపెట్టాడు.

"ఏదీ, ఒక్క మచ్చా లేదే?" అంది గ్రెటా.

"జన్యువు లోపల దాక్కుంది. పొట్ట అంచున ఈ నల్లగీతలు చూడండి, అదే గుర్తు."

"గీతలు మా నాన్న చొక్కాకీ ఉన్నాయి. నాకు మచ్చలు రాలేదే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డెస్మండ్ చెవులు ఎర్రబడ్డాయి. అక్కడే పందెం పడింది. గ్రెటా దగ్గరున్న తెల్లమచ్చల ఆడపాముతో అతని మగపామును జతకట్టించాలి. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు అందితేనే పిల్లలకి మచ్చలొస్తాయి కాబట్టి, ఒక్క పిల్లకైనా మచ్చలొస్తే డెస్మండ్ గెలిచినట్టు. ఓడినవాళ్లు వచ్చే సంతలో మైకు ముందు తప్పు ఒప్పుకోవాలి.

అలా ఆ మగపాము బేస్‌మెంటుకి చేరింది. దాన్ని చూసుకోవాలంటూ డెస్మండ్ ప్రతి ఆదివారం వచ్చేవాడు. అదేమో చుట్టచుట్టుకుని నిద్రపోయేది. ఇతను పైన వంటింట్లో కాఫీ తాగుతూ గ్రెటాతో దెబ్బలాడేవాడు. గీతల మీద, రంగుల మీద, కాఫీలో పంచదార మీద. అతను రావడం కాస్త ఆలస్యమైతే ఆమె కిటికీ దగ్గరికి రెండుసార్లు వెళ్లేది. అద్దం తుడవడానికట.

వేసవిలో గుడ్లు పగిలాయి. ఇద్దరూ తలలు ఆనించి మరీ చూశారు. బయటికొచ్చిన పిల్లలన్నీ గోధుమరంగే.

"నువ్వే గెలిచావు," అన్నాడు డెస్మండ్. "వచ్చే ఆదివారం నా పామును తీసుకెళ్లిపోతాను."

గ్రెటా గెంతాల్సింది. గెంతలేదు. పాము వెళ్లిపోతే ఆ తరువాతి ఆదివారాలకి సాకేముంది?

ఆదివారం భోజనంలో లొరేన్ మాంసం వడ్డిస్తోంది. పాము కోసం డెస్మండ్ తెచ్చిన ఖాళీ డబ్బా గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. గ్రెటా ఫోర్కు కింద పెట్టింది.

"ఆ పందెం చెల్లదు."

"అదేమిటే, గెలిచావుగా?" అంది లొరేన్.

"ఆ ఆడపామును అంతకుముందు ఏడాది ఆ జన్యువు లేని నా మగపాముతో కలిపానమ్మా. ఆడపాము ఆ బీజాన్ని ఒంట్లో ఏడాది పైన దాచుకోగలదు. ఈ పిల్లల తండ్రి ఏదో ఎవరు చెప్పగలరు? నాకిది ముందే తట్టాల్సింది."

డెస్మండ్ బంగాళాదుంప కోసుకుంటూ, "నాకు తట్టింది," అన్నాడు.

"ఎప్పుడు?"

"మొదటి వారమే. కలిపానని నువ్వే చెప్పావు."

"మరి నోరు విప్పలేదేం? మైకు ముందు పరువు పోయేది కదా!"

"విప్పితే, పాముని తీసుకెళ్లు, ఇంకో ఆడపాము పెద్దదయ్యాక రా అనేదానివి. అన్నాళ్లు రాకుండా ఉండటం నావల్ల కాదు."

ఈసారి ఎర్రబడ్డవి గ్రెటా చెవులు. ఆమె గ్లాసెత్తి నీళ్లన్నీ తాగేసింది.

"అమ్మా, నాన్నా, వినండి. మళ్లీ మొదలుపెడుతున్నాం, ఇంతవరకూ జతకట్టని ఆడపాముతో. కానీ ఇక్కడ కాదు, మా ఇంట్లో. పెళ్లి అక్టోబరులో."

"అతను నిన్ను అడిగాడా?" అంది లొరేన్.

"ఇంకా లేదు. నోట్లో బంగాళాదుంప ఉంది."

డెస్మండ్ నమలడం ఆపి గబగబా తలూపాడు.